మడ్‌గార్డు మీద మిగిలిన ‘ల’

కిరసనాయిలు గుడ్డకు కొబ్బరినూనె వాసన తోడైతే, చోడవరం బస్టాండు పక్కన సూరిబాబు సైకిలు షాపు నాకిప్పటికీ కళ్ల ముందుకొస్తుంది. ఈ పొద్దున నేను మా నాన్న సైకిలును తుడుస్తుంటే మళ్లీ అదే వాసన. సూరిబాబు నాకు గురువని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఏం నేర్పాడో చెప్పాలంటే నేను చేసిన వెధవపని కూడా చెప్పాలి మరి.

డెబ్బయ్యో దశకం మొదట్లో నాకు పక్క ఊరి బడిలో మాస్టారు ఉద్యోగం వచ్చింది. నాన్న పోయి అప్పటికి ఏడాది. చెరకు తోటల గట్ల మీద తిరిగి తిరిగి ఆయన ఆకుపచ్చ సైకిలు వెలిసిపోయింది. కొత్త మాస్టారు ఆ డొక్కు మీద వెళ్తే పరువేం ఉంటుందని, నల్లరంగు వేయించడానికి సూరిబాబు దగ్గరికి తీసుకెళ్లాను.

“రంగెయ్యను బాబూ. తుడిసి ఇస్తాను, సూడు,” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నా సైకిలు, నా ఇష్టం కాదా? ఆయన టీకి వెళ్లగానే బల్ల మీది ఉప్పు కాగితం తీసి గరగరా గోకడం మొదలుపెట్టాను. వెనక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో ‘అప్పల’ అని నాన్న పేరు వంకర టింకరగా ఉంది. నామోషీగా తోచి ముందు దాన్నే పట్టాను.

సూరిబాబు వస్తూనే నా చెయ్యి పట్టుకు లాగాడు. అప్పటికే రెండక్షరాలు పోయాయి.

“ఏటి సేసేవురా! అది మీ అయ్య రాసిందిరా!”

“మా నాన్నకి రాయడం రాదుగా బాబాయ్?” అన్నాను. చెరకు అమ్మిన కాగితాలన్నిటి మీదా ఆయన వేసింది వేలిముద్రే.

“నువ్వు ట్రైనింగుకెల్లినప్పుడు నేర్సుకున్నాడు. కొడుకు మాస్టారవుతన్నాడు, నాకు పేరైనా రాపోతే ఎలాగని నెల్లాళ్లు ఈ గచ్చు మీదే సుద్దతో దిద్దేడు. నీకు సెప్పడానికి సిగ్గు. ఆకరికి నా కుంచె అడిగి ఇక్కడ రాసుకున్నాడు. ఇంకెక్కడా రాయలేదు.”

షాపులో జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు, గుడ్డ నా చేతికిచ్చాడు.

మూడు సాయంత్రాలు నా చేతే తుడిపించాడు. ఉప్పు కాగితం తుప్పుకేగాని రంగుకు కాదన్నాడు. కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తీయాలి, పొడిగుడ్డతో ఒత్తాలి, ఆపైన చుక్క కొబ్బరినూనె. కాస్త గట్టిగా రుద్దితే కసిరేవాడు. మురికి వదిలేకొద్దీ ఆకుపచ్చ తేలింది.

మూడో రోజు, “పోయినయి నువ్వే రాసేయ్ బాబాయ్,” అని బతిమాలాను.

“నాను రాస్తే నా రాతవుద్ది. మీ అయ్యది కాదు. ఉన్నదాన్ని సూసుకో,” అన్నాడు.

ఆ సైకిలు మీదే బడికి వెళ్లాను. ముప్పై ఏళ్లు పిల్లల పలకలు దిద్దాను. ఎంత వంకరగా రాసినా వాళ్ల అక్షరం చెరపలేదు, పక్కన నాది రాసి చూపించాను. ఇదేం పద్ధతండీ అని ఓ ఇన్‌స్పెక్టరు అడిగితే, సైకిలు షాపులో నేర్చుకున్నానని మాత్రం అన్నాను. ఆయన నవ్వాడు.

ఈ పొద్దున కూడా మడ్‌గార్డు దగ్గరికొచ్చేసరికి గుడ్డ పక్కన పెట్టి వేలితో తుడిచాను. ‘ల’ ఉంది. దాని ముందు నేను గోకిన చోట ఉత్త ఇనుము. అక్కడ తుప్పు పట్టకుండా రోజూ రెండు చుక్కల నూనె ఎక్కువ రాస్తాను.