సుట్టీ రోజు కనబడని జబ్బు

సాయంత్రం నాలుగు దాటితే మా గల్లీలో ఆడవాళ్లందరూ చేటలు పట్టుకుని గడపల ముందుకు వచ్చేవారు. కుమఠా నాకా వెనక, రెండు సైకిళ్లు పక్కపక్కన పట్టనంత సందు అది. ఒకవైపు పవర్‌లూమ్‌ల మోత, ఇంకోవైపు మా నోళ్ల మోత. ఒళ్లో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. చేతులు బీడీలు చుడుతూనే ఉండేవి, మాటలు మాత్రం షోలాపూర్ అంతా తిరిగి వచ్చేవి. ఎవరింట్లో పల్లీల శేంగా చట్నీలో ఉప్పు ఎక్కువైందో, ఎవరి కోడలు ఎందుకు అలిగిందో అక్కడే తేలేది. తెలుగులో మొదలైన తగువు మరాఠీలోకి దిగి హిందీలో ముగిసేది. తిట్లకు మాత్రం మళ్లీ తెలుగే కావాలి. ఇప్పుడు అవన్నీ తలచుకుంటే ప్రాణం కొట్టుకుంటుంది. నాకు జబ్బు వచ్చింది కూడా అక్కడే, అయినా సరే.

తొంభైలు మొదలవుతున్న రోజులు. జోడ్‌భావి పేట్‌లోని పుట్టింటి నుంచి ఈ గల్లీకి కోడలిగా వచ్చి నాలుగేళ్లయింది. పాపకు అప్పుడప్పుడే నడక వస్తోంది. ఒక సాయంత్రం చేటలోంచి తలెత్తితే ఎదురింటి గుమ్మం పక్కన ఇంకో గుమ్మం కనబడింది. దాని ముందు కూర్చున్న ముసలమ్మ పక్కన అచ్చం అలాంటి ముసలమ్మే. తంబాకు దుమ్ము పడిందనుకుని కళ్లు కడుక్కున్నాను. ఇద్దరు ముసలమ్మలూ కదల్లేదు. పొద్దున లేచేసరికి అంతా మామూలే. మళ్లీ సాయంత్రానికి అన్నీ జంటలు.

ఒక కన్ను మూస్తే ఒకటే కనబడుతుందని నాకు నేనే కనిపెట్టుకున్నాను. అదో పెద్ద తలనొప్పయింది. కిరాణా కొట్టుకు పోయి, ఉన్న ఒక్క కొట్టువాడు ఇద్దరుగా కనబడుతుంటే ఒక కన్ను మూసి బెల్లం అడిగాను. అతను నవ్వి కాస్త ఎక్కువే తూచాడు. సంగతి నాకంటే ముందే ఇల్లు చేరింది.

"కిరాణాయనకు కన్ను కొడ్తున్నవంట గదనే, ఏంది కత?" అంది అత్త.

"నాకు రెండు కనబడ్తున్నయ్ అత్తమ్మా, ఎన్ని సార్లు చెప్పాలె?"

"రెండు కనబడ్తే బీడీలు గంత సక్కగ ఎట్ల వస్తున్నయ్?"

బీడీ చుట్టడానికి కళ్లతో పని లేదు. ఆకు కత్తిరించేటప్పుడే చూపు కావాలి, ఆ పని పొద్దున్నే అయిపోయేది. మిగిలినదంతా వేళ్లకు తెలుసు. అత్త కరీంనగర్ వైపు నుంచి చిన్నప్పుడే షోలాపూర్ వచ్చి, అప్పటి నుంచీ చేట దించని మనిషి. ఆమె లెక్కలో మనిషి బాగోగులు చేతుల్లో ఉంటాయి. నా బీడీ ఒకటి తీసి, వేళ్ల మధ్య తిప్పి, వంక దొరక్క చేటలో పడేసేది. నాకు ఒళ్లు మండేది. కావాలని వంకరగా చుట్టి చూపిద్దామా అనిపించేది కానీ, నా చేతులు ఒప్పుకునేవి కావు.

దిష్టి అన్నారు. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదని, దిష్టి గట్టిదని తేల్చారు. ఘాటు వచ్చి నేను తుమ్ముతూనే ఉన్నాను, ఎవరూ వినలేదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం పక్కింటి పిల్ల మా పాపను ఎత్తుకొచ్చి నా చేతికి ఇవ్వబోయింది. నేను చేతులు చాచి పట్టుకున్నది లేని పాపను. ఉన్న పాప జారి గడపకు నుదురు కొట్టుకుంది. నిమ్మకాయంత బొప్పి కట్టింది. అత్త పరుగెత్తుకొచ్చి పాపను లాక్కుంది.

"నీ మనసు యాడనో ఉంది. ఇగ పొద్దూకినంక పిల్లను ముట్టకు."

ఆమె అన్నంత పనీ చేసింది. సాయంత్రమైతే పాపను తన చంకనేసుకునేది, అన్నం తనే పెట్టేది, తన పక్కలోనే పడుకోబెట్టుకునేది. పాప నా వైపు చేతులు చాచి ఏడ్చేది. ఆ చాచిన చేతులు నాకు నాలుగు కనబడేవి. నేను పోట్లాట మనిషిని, గల్లీలో ఎవరికీ తగ్గేదాన్ని కాదు. ఆ ఒక్క విషయంలో మాత్రం నోరు లేవలేదు. మళ్లీ పడేస్తానేమోనని నాకే భయం. పగలంతా పిల్ల నాది, సాయంత్రం కాదు. ఏ తల్లికీ ఆ బాధ వద్దు.

మా ఆయన మగ్గాల మోతలో అరిచీ అరిచీ ఇంటికొచ్చాక మాటే మానేసిన మనిషి. నన్ను నమ్మాడో లేదో ఎప్పుడూ చెప్పలేదు కానీ, వారానికో సెలవు, మా మాటలో సుట్టీ, వస్తే చాలు, సైకిల్ తుడిచి బయట నిలబెట్టేవాడు. అలా తిరిగాం. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు మార్చి మార్చి చూశారు. కళ్ల డాక్టర్ గోడ మీది అక్షరాలు చదవమంటే పై వరస నుంచి కింది వరస దాకా గడగడా చదివేశాను. "కళ్లు బంగారంలా ఉన్నాయి" అన్నాడాయన. ఇంకో డాక్టర్ నా మాట సగం విని, ఇంట్లో అత్తతో ఏమైనా గొడవా అని మా ఆయనను అడిగాడు. మా ఆయన తల గోక్కున్నాడు. అది చూసి ఆ డాక్టర్ నిద్రమాత్రలు రాసిచ్చాడు. వాటిని ఇంటికి రాకముందే మోరీలో పారేశాను.

చివరికి పెద్దాసుపత్రిలో ఒక లేడీ డాక్టర్ దొరికింది. నా వయసుకు కాస్త పెద్దది, విసుగు లేని మనిషి. రెండుసార్లు చూసి ఏమీ తేల్చలేకపోయింది. మూడోసారి వెళ్లినప్పుడు నా మరాఠీ, ఆమె మరాఠీ కలిపి ఇలా మాట్లాడుకున్నాం.

"బాయీ, ఎప్పుడూ ఇదే రోజు వస్తావెందుకు?"

"ఈ రోజే బీడీ కార్ఖానాకు, మగ్గాలకు సుట్టీ."

"సుట్టీ రోజు రెండు కనబడతాయా?"

ఆ సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. సుట్టీ రోజు చేట ముట్టను. మధ్యాహ్నం కాస్త నడుం వాలుస్తాను. ఆ రోజు సాయంత్రం నిజంగానే బాగుండేది. మా గల్లీలో జబ్బుపడ్డా సుట్టీ రోజునే పడాలి, డాక్టర్ దగ్గరికి సుట్టీ రోజునే పోవాలి. పని రోజు ఆసుపత్రికి పోవడమంటే పురుటినొప్పులకో, ప్రాణం మీదికి వస్తేనో. అందుకే నా కళ్లు బాగా పడుకుని లేచి, స్నానం చేసి, కడిగిన చీర కట్టుకున్నట్టు డాక్టర్ల ముందుకు వెళ్లేవి. జబ్బు ఇంట్లోనే ఉండిపోయేది.

"ఈసారి పని రోజు రా" అంది డాక్టర్.

"పని రోజు వస్తే పని ఎట్లా?"

"పని కూడా తెచ్చుకో."

అత్త ఒప్పుకోదనుకున్నాను. కానీ, "నిజమో అబద్ధమో తేలిపోతది, నేను గూడ వస్త" అంది. అన్నీ మూట కట్టుకుని, పాపను చంకనేసుకుని బయల్దేరాం. డాక్టర్ మమ్మల్ని తన గది కిటికీ కింద వరండాలో కూర్చోబెట్టింది. తంబాకు వాసనకు సిస్టర్ ముక్కు మూసుకుని మరాఠీలో దులిపేసింది. కాలికి కట్టుతో పడుకున్న ఒక తాత మాత్రం లేచి కూర్చున్నాడు. "ఒక్కటియ్యి బిడ్డా, నీకు పుణ్యముంటది" అని తెలుగులో బతిమాలాడు. వరండా అంతా నవ్వింది. అత్త తాతకు ఇవ్వలేదు. అవి కార్ఖానాకు లెక్క అప్పజెప్పాల్సినవి.

పాప చేతిలో ఉండడంతో అత్త తన చేట తెచ్చుకోలేదు. నా ఎదురుగా గోడకు ఆనుకుని ఖాళీగా కూర్చుంది. ఇంట్లో మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని, తలలు చేటల్లోకి వంచి చుట్టేవాళ్లం. ఇన్నేళ్లలో ఆమె నా చేతులు చూసింది, నా బీడీలు చూసింది. పొద్దూకే వేళ నా మొహం ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూడడానికి ఇంకేమీ లేక నన్నే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం దాటింది. ఆకు మీద ఆకు వచ్చింది, స్తంభం పక్కన స్తంభం లేచింది. నేను చెప్పకముందే అత్తే ఉలిక్కిపడింది.

"పిల్లా, నీ కన్ను ఏందే గట్ల వాలిపోతుంది? డాక్టరమ్మా! జల్దీ రాండ్రి!"

డాక్టర్ వచ్చి నన్ను పైకప్పు వైపు రెప్పవేయకుండా చూడమంది. నా ఎడమ రెప్ప నేను ఆపినా ఆగకుండా కిందికి దిగింది. ఆమె ముఖం వెలిగింది, దొరకదనుకున్నది దొరికినట్టు. లోపలికి తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టి, చేతికి సూది వేయించింది. ఆ మందుకు నోట్లో నీళ్లూరాయి. ఎదురుగా అత్తను నిలబడమంది.

"ఎంతమంది అత్తలున్నారు?"

"ఇద్దరు" అన్నాను. "ఒక్కామెతోనే వేగలేక చస్తున్న."

డాక్టర్ పకపకా నవ్వింది. అత్త నవ్వలేదు. కాసేపటికి రెప్ప బరువు తగ్గింది. ఇద్దరు అత్తలు కొంచెం కొంచెంగా దగ్గరికి జరిగి, ఒకరిలోకి ఒకరు వెళ్లిపోయారు.

"ఇప్పుడు?"

"ఒక్కతే" అన్నాను. "ఏడుస్తోంది."

జబ్బు పేరు మయస్తీనియా అని డాక్టర్ చెప్పింది. నరం చెప్పే మాట కండకు సరిగ్గా అందదట. వాడేకొద్దీ కండ అలసిపోతుందట, పడుకుంటే మళ్లీ తేరుకుంటుందట. మనసుకూ దీనికీ సంబంధం లేదని అత్త వైపు తిరిగి మరీ చెప్పింది. చాలాకాలం మాత్రలు మింగాలంది. సూది ప్రభావం మాత్రం ఇంటికి చేరేలోపే పోతుందని, కంగారు పడొద్దని అంది. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. జబ్బుందని తెలిసి అంత సంబరపడ్డ మనిషి ఆ ఆసుపత్రిలో ఇంకొకరు ఉండి ఉండరు.

ఆమె అన్నట్టే అయింది. గల్లీ మొదట్లో రిక్షా దిగేసరికి అందరూ మళ్లీ ఇద్దరిద్దరయ్యారు. సాయంత్రం చేటలు బయటికి వచ్చి ఉన్నాయి. ఏమైంది, ఏమన్నారు అని అన్ని గడపల నుంచీ అడుగుతున్నారు. నేను గడప మీద కూర్చుని అలవాటుగా చేట కోసం చేయి చాచాను. పాప అత్త చంకలోంచి నా వైపు వంగి ఏడుపు మొదలుపెట్టింది.

"మళ్ల రెండొచ్చినయా?" అని అడిగింది అత్త.

"వచ్చినయ్."

"పిల్ల గూడ ఇద్దరు కనబడ్తుందా?"

"ఇద్దరే."

అత్త నా చేట పక్కకు జరిపి, పాపను నా ఒళ్లో కూర్చోబెట్టింది. నా రెండు చేతులూ పట్టి పాప నడుం చుట్టూ వేసింది.

"ఇద్దరూ నీ బిడ్డలే. పట్టుకో, నేను పక్కకే ఉన్న."

పాప నిద్రపోయేదాకా ఆమె తన చేట ముట్టలేదు.