పెన్సిల్‌తో రాసిన 6:20

నాచారం నుంచి ఆర్మీ ఆఫీసుకు ఐదు ఉత్తరాలు పంపాను. ఐదూ రిజిస్టర్డ్ పోస్టులోనే. అందినట్టు సంతకాలు తిరిగొచ్చాయి. జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

కొండమీది ఆర్మీ పోస్టుకు చలికాలం మొదట్లో, మధ్యాహ్నం రెండింటికి చేరాను. వీపున రేడియో సెట్టు. రెండు బంకర్లు, పదకొండు మందిమి. కింద వాగు, అవతల దేవదారు అడవి. రేడియోలో నడిచిన ప్రతి మాటనూ టైముతో సహా లాగ్ బుక్కులో రాసి, పేజీ చివర సంతకం పెట్టడం నా పని. ఆ చలికి పెన్నులో ఇంకు గడ్డకట్టేది. పెన్సిల్‌తో రాసేవాళ్లం. సంతకం మాత్రం పెన్నును చంకలో వేడి చేసుకుని ఇంకుతో పెట్టేవాణ్ని.

నాలుగో నెలలో ఒక పొద్దున. పలచటి మంచు. మెషీన్‌గన్ దగ్గరున్నవాడు మా మల్లాపూర్ వాడే. బైనాక్యులర్ దించకుండా అన్నాడు:

"అన్నా, ముగ్గురున్నరు. కట్టెలకొచ్చినోళ్ల లెక్కున్నరు. ఒకామె నెత్తిన మోపున్నది."

కొండ కిందున్న మా కంపెనీ హెడ్‌క్వార్టర్స్‌కు రేడియోలో చెప్పాను: "ముగ్గురు. కట్టెలు మోస్తున్నారు. ఆయుధాలు లేవు." 6:20. రాసుకున్నాను.

6:26కి జవాబు: "అది మూసేసిన దారి. కాల్చండి."

మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే చెప్పారు. అదీ రాశాను.

"ఆడమనిషి సాబ్," అని మల్లాపూర్ వాడు గన్ వదిలేశాడు. పోస్టు కమాండర్ అతన్ని పక్కకు నెట్టి తానే కాల్చాడు.

7:40కి వాగు దాటాం. ఒక ముసలాయన, ఒక మగమనిషి, ఆమె. రెండు గొడ్డళ్లు, గుడ్డలో చుట్టిన రొట్టెలు. తుపాకీ లేదు.

మర్నాడు లాగ్ బుక్కు పై ఆఫీసుకు తీసుకెళ్లారు. మూడు రోజులకు తిరిగొచ్చింది. 6:20 దగ్గర రబ్బరుతో రుద్దిన మరక. దాని మీద, నా రాతలాంటి రాతలో: "ముగ్గురు సాయుధులు. మన మీద కాల్పులు." 6:26 అసలు లేనే లేదు. కింద నా సంతకం అలాగే ఉంది.

అడిగితే, బుక్కు తెచ్చిన ఆఫీసరు నవ్వాడు. "సంతకం నీదే కదా?"

సర్వీసు ముగించుకుని ఉప్పల్‌లో బస్సు దిగాను. కాలనీ వాళ్లు సభ పెట్టారు. ముగ్గురు టెర్రరిస్టులను లేపేసిన పోస్టు అని ప్రెసిడెంటు మైకులో చెప్పాడు. మైకు అందుకుని, వాళ్లు కట్టెలకు వచ్చినవాళ్లన్నాను. వైరు పీకించాడు.

"ఏంది తమ్మీ, దండేస్తే గిట్లనా మాట్లాడేది?"

ఆ రోజు నుంచి ఆయన నన్ను పలకరించడు. నేనూ మరిచిపోలేదు.

సాక్ష్యం చెప్పమని, ఆ రోజు గన్ వదిలేసినవాడు ఇప్పుడు మల్లాపూర్‌లో పనిచేసే వర్క్‌షాపుకు మూడుసార్లు వెళ్లాను. "నా పేరు రాయకు అన్నా. పిల్లలున్నరు. జర సమజ్ చేస్కో," అన్నాడు. రాయలేదు. ఇప్పుడు గేటు చప్పుడైతే నేనూ ముందు కిటికీ సందులోంచి చూస్తాను. నేను పోతే మిగిలేది ఆ పేజీ ఒక్కటే. అందులో వాళ్లు సాయుధులు. కింద నా సంతకం.

ఆమె పడిపోయింది. మోపు మాత్రం విడిపోలేదు. ముడి అంత గట్టిగా వేసింది. కళ్లు మూస్తే ఆ ముడే కనిపిస్తుంది.

నా రాత చెరిపిందెవరు? పేరు రాసి, సంతకం పెట్టి జవాబివ్వండి. ఇంకుతో రాయండి.