పేరు చెప్పి మాట్లాడమన్న టీచరమ్మ

మొన్న మంగళవారం పొద్దున్న షాపు షట్టరు సగం లేపానో లేదో ఫోన్ మోగింది. "బాబాయ్, నాను పైడిరాజుని" అన్నాడు. వాడి నంబరు నా ఫోన్లో ఉంది. రోజూ నా షాపు ఎదురుగానే ఆటో పెట్టుకుంటాడు, వాడి గొంతు నాకు తెలీకపోవడమేమిటి? అయినా ముందు పేరు చెప్పాడు. ఆ తరవాత, "మన సోషల్ టీచరు పోనారు బాబాయ్. గుండె నొప్పట" అన్నాడు. షట్టరు సగంలోనే వదిలేసి గోనె సంచుల కట్ట మీద కూర్చుండిపోయాను.

వాడు పేరెందుకు చెప్పాడో మీకు తెలియాలంటే ఆవిడ గురించి చెప్పాలి.

నేను ఆమదాలవలసలో గోనె సంచులు, తాళ్లు, పురికొస, టార్పాలిన్లు అమ్ముతాను. కోతలప్పుడు ఊపిరాడదు, మిగతా రోజుల్లో ఈగలు తోలుకుంటాను. మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. ఐదో తరగతి దాకా వీధి బడిలో విని నేర్చుకుంది. హైస్కూలు అనేసరికి నాకు భయం పట్టుకుంది. మెట్లు, తోపులాట, గదిలో బోలెడు మంది. చూపు లేని పిల్లలకి హాస్టలుతో సహా బడి ఒకటి దూరంగా ఉందని విని అక్కడికి పంపేద్దామనుకున్నాను. మా పిల్ల ససేమిరా అంది. "గౌరోలితోటే ఎల్తాను నాను" అని మంచంకోడు పట్టుకుని కదల్లేదు. గౌరి అంటే మా పక్కింటి పిల్ల.

సరే, పోనీ అని ఆరో తరగతిలో చేర్పించి, క్లాస్ టీచరుగా ఉన్న ఆవిడ దగ్గరికి వెళ్లాను. "అమ్మా, మా గుంటని ఓ మూల ఊరికే కూర్సోబెట్టండి. ప్రశ్నలూ అవీ అడక్కండి, పాపం" అన్నాను.

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. "ఊరికే కూర్సోడానికి మీ షాపులో గోనె సంచులు లేవేటి, సావుకారూ?" అంది.

నేను హాస్టల్ సంగతి చెప్పాను. "దసరా సెలవుల దాకా నాకొగ్గీండి. అప్పటికి కుదరకపోతే మీ ఇష్టం" అంది. అదే మా ఒప్పందం.

రెండు వారాలైంది. ఓ సాయంత్రం మా పిల్ల ముఖం ముడుచుకుని వచ్చింది. "ఏటయింది?" అంటే చెప్పదు. అన్నం దగ్గర బయటపడింది. "హోమ్‌వర్క్ సెయ్యనోళ్లందర్నీ టీచరు నిలబెట్టీసినాది. నానూ సెయ్యలేదు. నన్నొగ్గీసినాది" అని ఒకటే ఏడుపు. నాకు నవ్వొచ్చింది, వాళ్లమ్మకి మాత్రం రాలేదు. "రేపెల్లి సెప్పు" అంది.

వెళ్లి చెప్పాను. మా పిల్లని కాస్త తిట్టండమ్మా అని బతిమాలుకోడానికి బడికెళ్లిన తండ్రిని నేనొక్కణ్నేనేమో. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "తప్పు నాదే సావుకారూ. జాలితో పాఠం సెప్పకూడదు" అంది. మర్నాడు మా పిల్ల గుమ్మంలోంచే కేకేసింది: "నాన్నా! ఇయ్యాల నన్ను కూడా నిలబెట్టీసినాది! పైడిరాజు పక్కనే!"

ఆ తరవాతే ఆవిడ క్లాసులో ఓ పద్ధతి పెట్టింది. ఎవరు నోరు విప్పినా ముందు పేరు చెప్పాలి. "నాను పైడిరాజుని, టీచర్." ఆవిడ "ఆఁ, పైడిరాజూ, సెప్పు" అనేది. అప్పుడు మాట్లాడాలి. మా పిల్ల కోసం అని ఎప్పుడూ అనలేదు. "పేరు సెప్పుకోలేనోడు జవాబేటి సెప్తాడు?" అనేది. తను కూడా గదిలో అడుగు పెడుతూనే "సోషల్ టీచర్ని, తలుపు కాడున్నాను" అనేది. బోర్డు మీద రాసే ప్రతి మాటా పైకి చదివేది. పిల్లలకి అది ఎంత అలవాటైందంటే, పురికొస కోసం షాపుకొచ్చినప్పుడు, రెండు కళ్లతో చూస్తున్న నాకు కూడా "నాను గౌరిని, బాబాయ్" అని చెప్పేవాళ్లు.

దసరా దగ్గర పడింది. ఓ ఆదివారం ఆవిడ షాపుకి వచ్చి సంచులు కుట్టే దబ్బనం అడిగింది. అట్ట మీద జిల్లా పటం గీసి తెచ్చింది. "గీత ఎంబడి పొడిస్తే ఎనకేపు బుడిపెలు లేస్తాయి. మీ గుంట ఏళ్లతో తడిమి సూస్తాది" అంది. దబ్బనం పట్టుకోవడం నాకంటే ఎవరికి బాగా వచ్చు? ఇద్దరం సంచుల మీద కూర్చుని మధ్యాహ్నం దాకా పొడిచాం. నదుల దగ్గర గీత తిరిగిన చోటల్లా ఎంత జాగ్రత్త పడ్డామని!

సోమవారం క్లాసులో అట్ట తిరగేసి మా పిల్ల ముందు పెట్టింది. పిల్ల వేళ్లతో మెల్లగా తడిమింది, మళ్లీ తడిమింది. "టీచర్, సముద్రం పడమటేపుకి ఎల్లిపోనాది" అంది.

క్లాసంతా గొల్లుమంది. ఆవిడ వచ్చి చూసుకుంది. నిజమే. అట్ట తిరగేస్తే కుడి ఎడమైపోతుంది కదండీ! రెండు జతల కళ్లు పెట్టుకుని ఓ పూటంతా కూర్చున్నాం, ఇద్దరికీ తట్టలేదు. ఆవిడ అందర్నీ వరసగా పిలిచి, కళ్లు మూయించి, ఆ పటం తడిమించింది. తప్పెక్కడుందో వేలితో చూపించమంది. చాలామంది చెప్పలేకపోయారు. మా పిల్లే ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని చూపించిందట.

సాయంత్రం ఆవిడే షాపుకి వచ్చింది. "సావుకారూ, ఇన్నేళ్లలో నా తప్పు పట్టిన గుంట ఇదొక్కతే. దీన్ని హాస్టలుకి పంపీస్తే నాకు తప్పులెవులు సెప్తారు?" అంది, నవ్వుతూనే. కానీ చేతులు మాత్రం జోడించింది. నేను గబుక్కున లేచి నిలబడ్డాను. హాస్టల్ మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. వారానికోసారి మండలం నుంచి వచ్చే స్పెషల్ టీచరు బ్రెయిలీ నేర్పారు, మిగతాదంతా ఆ గదిలోనే నేర్చుకుంది. ఆ తప్పు పటాన్ని ఆవిడ పారెయ్యలేదు, ఇంట్లో గోడకి మేకు కొట్టి తగిలించుకుంది.

మా అమ్మాయి ఇప్పుడు విజయనగరంలో డిగ్రీ చదువుతోంది. కబురు విని మొదటి రైలుకే వచ్చింది. పైడిరాజే స్టేషన్ నుంచి తీసుకొచ్చాడు.

టీచరమ్మని వాళ్లింటి వాకిట్లో పడుకోబెట్టారు. మా అమ్మాయి ఆవిడ తల దగ్గర కూర్చుంది. ముందు గౌరి పువ్వులు పట్టుకుని వచ్చింది. వంగి, "నాను గౌరిని, టీచర్" అంది. అని ఆగింది. అలవాటు కొద్దీ జవాబు కోసం ఆగిందనుకుంటాను.

"ఆఁ, గౌరీ" అంది మా అమ్మాయి, మెల్లగా.

గౌరి భోరుమంది. వెనక పైడిరాజు, ఆ వెనక సింహాచలం, ఇంకా ఆ క్లాసు పిల్లలంతా వరస కట్టారు. గడ్డాలూ మీసాలూ వచ్చి గొంతులు మారిపోయిన మగపిల్లలు కూడా పేరు చెప్పి, పువ్వులు పెట్టి, జవాబు విని, పక్కకి తప్పుకున్నారు.

ఆఖరికి నేను మిగిలాను. ఎనిమిదేళ్లుగా పిల్లలు చెబుతుంటే వినడమే గాని, నేనెప్పుడూ చెప్పలేదు. గొంతు సవరించుకున్నాను.

"నాను సావుకారుని, టీచరమ్మా."

మా అమ్మాయి తలెత్తింది. కన్నీళ్లు చెంపల మీదుగా కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఆఁ, సావుకారూ" అంది.