ట్రేలో మిగిలిన ఆఖరి ముక్క

హౌగన్ లేక్‌లో వంట బాగుందని నోరు తెరిచి అనేవాళ్లు లేరు. బాగుంటే ‘అంత చెడ్డగా లేదు’ అంటారు. మరీ బాగుంటే ఇంకో ముక్క వేసుకుని నోరు మూసుకుని తింటారు. నచ్చకపోతే మాత్రం ‘అదో రకంగా ఉంది’ అంటారు. ఆ మాట పడిన ఇల్లాలికి వారం రోజులు నిద్ర ఉండదు. మిన్నెసోటాలో ఆ మూలంతా నార్వే నుంచి వచ్చినవాళ్ల మనవలూ మునిమనవలే. పొగిడితే పిల్లలూ వంటవాళ్లూ చెడిపోతారని వాళ్ల గట్టి నమ్మకం.

ఆర్డిస్ టోలెఫ్సన్ నలభై రెండేళ్ల కాపురంలో ఆ మాట ఒక్కసారి కూడా పడలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు గానీ, లోపల మాత్రం పతకంలా దాచుకుంది. ఇరవై రెండేళ్లప్పుడు కోడలిగా అడుగుపెట్టిన మొదటి వేసవిలోనే, టర్కీ కోడిపిల్లలకి టీకాలు వెయ్యడానికొచ్చిన పదకొండు మంది మగవాళ్లకి మూడు పూటలా వండి పెట్టింది. ఆ పదకొండు మందీ మరుసటి ఏడు పిలవకుండానే వచ్చారు.

భర్త వెర్లిన్‌ది టర్కీల పెంపకం. మూడు పొడుగాటి కొట్టాలు, వేల పక్షులు. విచిత్రమేమిటంటే, ఊరంతా టర్కీ వండుకునే నవంబరు పండగ రోజు తప్పించి ఆ మనిషి టర్కీ ముట్టడు. ఎవరైనా అడిగితే “పొద్దస్తమానం వాటి మొహాలే చూస్తాను. కంచంలో కూడా వాటినే చూడమంటారా?” అంటాడు. ఆయనకి పంది వేపుడు కావాలి, మీద చిక్కటి గ్రేవీ కావాలి, రొట్టె మీద వెన్న వేలెడు మందాన ఉండాలి.

ఆ వెన్నంతా ఎక్కడికి పోతుంది? అక్టోబరులో ఒక మధ్యాహ్నం మూడో కొట్టంలో మేత పోస్తూ పోస్తూ వెర్లిన్ గుండె పట్టుకుని కూలబడ్డాడు. నగరంలోని పెద్దాసుపత్రిలో ఛాతీ కోసి మూడు రక్తనాళాలు మార్చారు. ఇంకోసారి వస్తే కొయ్యడానికి కూడా ఏమీ మిగలదని డాక్టరు ఆర్డిస్‌ని పక్కకి పిలిచి చెప్పాడు. వెన్న వద్దు, మీగడ వద్దు, పంది మాంసం వద్దు, టర్కీ మాత్రం మంచిదన్నాడు. “ఇంటినిండా టర్కీలే కదమ్మా, ఇక మీకేం కష్టం!” అని నవ్వాడు కూడా. ఆర్డిస్‌కి నవ్వు రాలేదు.

ఇంటికి బయలుదేరే రోజు, రోగుల తిండి సంగతి చూసే అమ్మాయి వచ్చింది. షికాగో పిల్ల. సంచిలోంచి ఒక చిన్న పుస్తకం తీసి, “ఇందులో తేలిక వంటలన్నీ ఉన్నాయండీ. మీకో పుస్తకం ఇవ్వనా?” అంది.

“అయ్యో, మీకెందుకమ్మా శ్రమ” అంది ఆర్డిస్.

హౌగన్ లేక్‌లో దీనర్థం ఇంకోసారి అడగమని. రెండోసారి అడిగితే ‘ఇంకెవరికైనా పనికొస్తుందేమో’ అనాలి. మూడోసారి అడిగితే ‘మరి మీరింతగా అంటున్నారు కాబట్టి’ అని పుచ్చుకోవాలి. మర్యాద తెలిసిన వాళ్లు అలాగే పుచ్చుకుంటారు. ఆ పిల్ల మాత్రం “సరేనండీ, మీ ఇష్టం” అని పుస్తకాన్ని మళ్లీ సంచిలో పడేసుకుంది. లిఫ్టు తలుపు మూసుకునేదాకా ఆర్డిస్ ఆ సంచినే చూస్తూ నిలబడింది. నోరు విడిచి అడగొచ్చుగా అంటారా? ప్రాణం పోయినా అడగదు. ఆ ఊరి నీళ్లు అలాంటివి.

కాబట్టి తనకు తోచినట్టు మొదలుపెట్టింది. మొదటి రోజు టర్కీ రొమ్ము మాంసం ఉప్పు తగ్గించి ఉడకబెట్టి, పక్కన ఉడికించిన క్యారెట్ పెట్టింది. వెర్లిన్ రెండు ముక్కలు నమిలి ఫోర్కు కింద పెట్టాడు. కిటికీలోంచి మంచు వంక చూశాడు.

“అదో రకంగా ఉంది” అన్నాడు.

నలభై రెండేళ్ల పతకం అలా నేలపాలైంది. ఆర్డిస్ కంచం తీసేసింది. ఆ తరవాత ఖీమా చేసింది, అది రంపపు పొట్టులా వచ్చింది. సూపు కాచింది, అది గిన్నెలు కడిగిన నీళ్లలా వచ్చింది. వెర్లిన్ పిట్టలా నాలుగు మెతుకులు కతికి లేచేవాడు. అలా తినే మనిషి చిక్కిపోవాలి కదా! జనవరి వచ్చినా ఆయన బెల్టు ఒక్క బొక్క కూడా లోపలికి జరగలేదు.

గుట్టు కోటు జేబులో బయటపడింది. దులుపుతుంటే వెన్న ఓడుతున్న కాగితపు రుమాలు ఒకటి, అందులో లెఫ్సా అనే ఆలుగడ్డ రొట్టె ముక్క ఒకటి చేతికి తగిలాయి. వెర్లిన్ వారానికి మూడుసార్లు ‘మంచు తోసే యంత్రం చూసొస్తా’నని తన అక్క లవోన్ ఇంటికి వెళ్లేది ఇందుకన్నమాట. యంత్రానికి ఏ రోగమూ లేదు.

ఆర్డిస్ కేకలు వెయ్యలేదు. ఒక డబ్బాలో కుకీలు పెట్టుకుని వదినగారింటికి కాఫీకి వెళ్లింది. అక్కడ యుద్ధాలు అలాగే జరుగుతాయి.

“మా తమ్ముడు నీ ఇంట్లో కడుపు మాడ్చుకుంటుంటే నన్ను చూస్తూ ఊరుకోమంటావా?” అంది లవోన్, కాఫీ పోస్తూ.

“డాక్టరు వద్దన్నాడు వదినా.”

“డాక్టరుకేం తెలుసు? మా నాన్న తొంభై ఏళ్లు వెన్న తిని బతికాడు.”

“మావయ్యగారు అరవై ఎనిమిదికే పోయారు కదా వదినా.”

లవోన్ కాసేపు చెంచాతో కాఫీ కలిపింది. “చూడ్డానికి తొంభై ఏళ్ల మనిషిలా ఉండేవాడు” అంది చివరికి. “ఇంకో కుకీ తీసుకో.”

“చాలు వదినా.”

“తీసుకో. నువ్వూ చిక్కిపోతున్నావు, ఆ చప్పిడి తిండి తిని. నిజం చెప్పు ఆర్డిస్, అది మనుషులు తినేదేనా? చర్చిలో వడ్డించి చూడు, రెండో ముక్క ఎవడైనా అడుగుతాడేమో!”

వేళాకోళానికే అంది. కానీ చర్చి వంటింటి పెత్తనం పంతొమ్మిదేళ్లుగా లవోన్‌దే. ఈస్టరుకి ముందు వచ్చే నలభై శ్రమ దినాల్లో ప్రతి బుధవారం సాయంత్రం, పైన ఆరాధనకి ముందు కింది హాల్లో అందరూ కలిసి భోంచేస్తారు. ఏ బుధవారం ఎవరు వండాలో గోడ మీది కాగితంలో రాసేది ఆవిడే.

“మూడో బుధవారం నా పేరు రాయి” అంది ఆర్డిస్.

“ఏం వండుతావేం?”

“టర్కీ.”

జీవితంలో మొదటిసారి ఎవరూ బతిమాలకుండా ఒక పని నెత్తికెత్తుకుంది. ఎనభై మంది ముందు ‘అదో రకం’ అనిపించుకుంటే ఇక ఆ ఊళ్లో తలెత్తుకోలేదు. అది కూడా పెద్ద బాధ కాదు. వెర్లిన్ ఇలాగే వెన్న చుట్టూ తిరిగితే ఆమెకి వెర్లినే మిగలడు. రెండో పెళ్లికి తయారుగా లేదు, మొదటివాణ్ణి తీర్చిదిద్దడానికే నలభై రెండేళ్లు పట్టింది.

మూడు వారాలు వంటింట్లో కుస్తీ పట్టింది. రొమ్ము మాంసం ఎండిపోతోందని వదిలేసి తొడ మాంసం పట్టుకుంది. ఎముకలు, మెడలు పెద్ద కుండలో వేసి కాచి, ఆ కుండని ముందు వరండాలో మంచులో పెట్టింది. తెల్లారేసరికి కొవ్వంతా పైకి తేలి, తెల్లగా మూతలా గడ్డకట్టింది. దాన్ని చేత్తో ఎత్తి అవతల పారేస్తే కింద తేనె రంగు రసం మిగిలింది. ఉల్లిపాయల్ని చెంచాడు నూనెలో అరగంట సేపు ఓపిగ్గా ఎర్రగా వేయించింది. చెరువుల్లో పండే నల్లటి అడవి బియ్యం ఆ రసంలోనే ఉడికించింది. పుట్టగొడుగులు సన్నగా తరిగి మాంసంలో కలిపింది, మాంసం ఆ తడితో మెత్తబడింది. ఆ ఊళ్లో ప్రతి వంటలోనూ పోసే సూపు డబ్బాని అలమారలోనే ఉంచి, వెన్న తీసిన పాలలో కాస్త పిండి కలిపి చిక్కబరిచింది. అన్నీ ఒకే ట్రేలో సర్ది ఓవెన్‌లో పెట్టింది.

ప్రయోగంగా చేసిన ట్రేలు వెర్లిన్‌కి చూపించలేదు. ఉత్తరాలు తెచ్చే ఆయన చేతికి ఇచ్చి పంపింది. మొదటి ట్రే కడిగి తిరిగొచ్చింది. రెండోది కడిగి, అందులో ఒక జామ్ సీసా పెట్టుకుని తిరిగొచ్చింది. మూడోది ఇచ్చిన మర్నాడు ఆయన గుమ్మంలో అవసరానికి మించి నిలబడి, “ట్రే ఏమైనా ఖాళీగా ఉందా అండీ, తీసుకెళ్లడానికి?” అన్నాడు. ఆర్డిస్ తలుపు వేసుకుని వంటింట్లోకొచ్చి ఒక్కతే నవ్వుకుంది.

బుధవారం వచ్చింది. ఎనిమిది ట్రేలు. వంటింటికీ హాలుకీ మధ్య ఒక కిటికీ ఉంటుంది, వడ్డన అక్కణ్నుంచే. లవోన్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. ఆ రోజంతా చర్చిలోనే ఉండటం వల్ల ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగలేదు. అంటే వెర్లిన్ నిజంగా ఆకలితో వచ్చాడు. మిగతా టర్కీ రైతులతో బల్ల దగ్గర కూర్చుని, ముందున్న కంచాన్ని కొత్త కోడలిని చూసినట్టు అనుమానంగా చూశాడు.

ఎదురుగా కూర్చున్నది డ్యువేన్ రింగ్‌డాల్. ముప్పై ఏళ్లుగా ఇద్దరికీ పక్షుల బరువు దగ్గర పోటీ. డ్యువేన్ నాలుగు ముద్దలు మింగి, కిటికీ వైపు కేకేశాడు.

“ఆర్డిస్! ఈ మాంసం ఎవరి కొట్టంది?”

“మాదే. మూడో కొట్టంది” అంది ఆర్డిస్.

బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ వెర్లిన్ వైపు తిరిగాయి. డ్యువేన్ ఇంకో ముద్ద నమిలి, “ఏం మేత వేస్తున్నావురా? మా పక్షుల మాంసం ఇంత మెత్తగా రాదు” అన్నాడు.

వెర్లిన్ నడుము నిటారయింది. “మొక్కజొన్న నేనే ఆడిస్తాను. నీలాగా బస్తాల్లో కొనుక్కురాను” అన్నాడు.

ఇంత చెప్పాక తినకుండా ఎలా ఉంటాడు? ఫోర్కు నిండా తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆర్డిస్ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆయన నమిలాడు. మింగాడు. ఏమీ అనలేదు. మళ్లీ ఫోర్కు నింపాడు.

ఏడు ట్రేలు ఖాళీ అయ్యాయి. ఎనిమిదో దాంట్లో అరచేతంత ముక్క మిగిలింది. ఆఖరి ముక్క ముట్టుకోవడమంటే హౌగన్ లేక్‌లో దొంగతనంతో సమానం. పాస్టరుగారు వచ్చి అందులో సగం కోసుకున్నారు. డ్యువేన్ ఆ సగంలో సగం తీసుకున్నాడు. అతని భార్య అందులో సగం. ఇంకెవరో అందులోనూ సగం. చివరికి తపాలా బిళ్లంత ముక్క మిగిలి, దాని చుట్టూ అందరూ దాన్ని చూడనట్టు నటిస్తూ తిరిగారు.

వెర్లిన్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. ఎనభై మంది చూస్తుండగా కిటికీ దగ్గరికి నడిచొచ్చి, ట్రే మొత్తం ఎత్తుకుని, ఆ ముక్క నోట్లో వేసుకున్నాడు. అంతటితో ఆగలేదు. చెంచాతో మూలలు కూడా గీకాడు. హాలంతా ఆ గీకుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

“వెర్లిన్! అందరూ చూస్తున్నారురా” అంది లవోన్, సిగ్గుతో ఎర్రబడి.

“చూడనీ అక్కా. కావాల్సినవాళ్లు ముందే తీసుకోవాల్సింది” అన్నాడు వెర్లిన్.

ఆర్డిస్ గిన్నెలు కడిగే నెపంతో అటు తిరిగి కుళాయి పూర్తిగా విప్పింది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. ఆ సాయంత్రం పాస్టరుగారి ప్రసంగం గర్వం ఎంత పెద్ద పాపమో అనే దాని మీద. ఆర్డిస్ రెండో వరుసలో కూర్చుని ఆ ప్రసంగమంతా మహా గర్వంగా వింది. పశ్చాత్తాపం ఏ మూలా కలగలేదు.

ఆ తరవాత ఇంట్లో తినమని చెప్పే పని లేకపోయింది. చిక్కుడు గింజలతో టర్కీ సూపు, క్యాప్సికంలో కూరిన ఖీమా, మళ్లీ ఆదివారానికి ఆ అడవి బియ్యం ట్రే. మంచు తోసే యంత్రానికి ఉన్నట్టుండి ఆరోగ్యం కుదుటపడింది. మార్చి ఆఖరుకి బెల్టు రెండు బొక్కలు లోపలికి జరిగింది.

మే నెలలో పరీక్షలకి వెళ్లారు. డాక్టరు కాగితాలు చూసి ఈల వేశాడు. తిండి సంగతి చూసే ఆ షికాగో పిల్ల కూడా వచ్చి, “ఈయనకి ఏం పెడుతున్నారండీ మీరు? మిగతావాళ్లకి కూడా చెప్తాను, నాకు రాసిస్తారా?” అంది.

వెర్లిన్ కుర్చీలో వెనక్కి వాలి కాళ్లు చాపుకున్నాడు. మూడుసార్లు అడిగించుకునే తతంగం ఎంత సేపు పడుతుందో ఆయనకి తెలుసు. కానీ ఆ పిల్ల మాట పూర్తి కాకముందే ఆర్డిస్ చేతిసంచి తెరిచింది. ముందే రాసిపెట్టుకున్న కాగితం తీసి ఆమె చేతిలో పెట్టింది. వెర్లిన్ కాళ్లు మళ్లీ లోపలికి లాక్కుని, పెళ్లాం వంక కొత్తగా చూశాడు.

“ఆ రోజు చూపించిన పుస్తకం ఉంటే ఇవ్వమ్మా” అంది ఆర్డిస్.

“అప్పుడు ఇస్తానంటే మీరే వద్దన్నారు కదండీ?”

“ఒక్కసారే కదమ్మా అన్నాను” అంది ఆర్డిస్.

తిరుగు దారిలో కారు ఆర్డిసే నడిపింది. వెర్లిన్ ఆ పుస్తకం ఒక్కో పేజీ తిప్పుతూ, వంటలన్నీ పేరుపేరునా చదివి, చివరి అట్ట దాకా వచ్చాడు. తరవాత దాన్ని మూసి, ముందున్న అరలోకి తోసేశాడు.

“ఇవన్నీ అదో రకంగా ఉంటాయిలే” అన్నాడు. “రాత్రికి నువ్వేం వండుతున్నావు?”