పాపకి నీళ్ళు పోసే పీట

అబుదాబి పక్కన ముసఫ్ఫాలో, చెక్కసామాన్ల వర్క్‌షాపులో నేను గీసేవన్నీ హోటళ్ళ బాత్రూములు. సింకు కింద మూడేసి సొరుగులు, లోపల దీపం, తువ్వాళ్ళకి వేరే అర. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో నేనుండే గదికి మాత్రం నాలుగడుగుల బాత్రూము. సబ్బు రాసుకుంటే మోచెయ్యి గోడకి తగిలేది. అయినా అందులో ఏ సామానైనా ఇమిడ్చేస్తానని గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

మా పాప కాకినాడలో, అమ్మమ్మగారింట్లో పుట్టింది. మూడో నెల వచ్చినా నాకు సెలవు దొరకలేదు. బిడ్డని ఫోన్లో చూడటమే. వీసాలు చేతికొచ్చాయి, వచ్చెయ్యండని రోజూ మా ఆవిడ ప్రాణం తీసేవాణ్ణి. ఆవిడది ఒకటే ప్రశ్న, ఆ బాత్రూములో పాపకి నీళ్ళెలా పొయ్యాలని. కూర్చోవడం వచ్చాక వస్తామంది. అంటే ఇంకో నాలుగు నెలలు. నాకు ఒళ్ళు మండింది. ఇంత పనివాణ్ణి పెట్టుకుని, ఒక బాత్రూము నా బిడ్డని ఆపుతుందా?

రెండు రోజుల్లో బొమ్మ గీసి పంపాను. అచ్చం కేటలాగులో లాగా నడుమెత్తు బల్ల, మధ్యలో తొట్టి, మూతేస్తే బట్టలు మడతపెట్టుకునే వీలు. మా ఆవిడ బాగుందనే అంది. బొమ్మని పెద్దది చేసి చూసి అడిగింది.

"నిలబడి పొయ్యాలాండీ? మరి కాళ్ళెక్కడ చాపుకోను?"

సిగ్గేసింది. మా ఇళ్ళల్లో పసిబిడ్డని చాపిన కాళ్ళ మీద పడుకోబెట్టుకునే నీళ్ళు పోస్తారు. నాకూ అలాగే పోశారు. పదేళ్ళు హోటళ్ళకి గీసి గీసి ఆ సంగతే మర్చిపోయాను.

పక్క గదిలో రాజోలు నుంచి వచ్చిన అక్క ఉండేది. ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకునే పని ఆవిడది. శుక్రవారం సెలవు రోజున బతిమాలితే వచ్చి, బాత్రూములో నేల మీద కూర్చుని కాళ్ళు చాపింది. తిన్నగా చాపితే కమోడ్ తగిలింది. మూలకి తిరిగింది.

"ఇలాగైతే సరిపోద్ది తమ్ముడూ. మడాలకి ఏదన్నా అడ్డమెట్టు, సబ్బు నీళ్ళకి కాళ్ళు జారిపోతాయి" అంది.

టేపు పెట్టి కొలత రాసుకున్నాను. వర్క్‌షాపులో మిగిలిన, నీళ్ళకి ఉబ్బని మెరైన్ ప్లై చెక్క ముక్కలు అడిగితే, మలయాళీ ఫోర్‌మన్ సంగతి విని, యల్లా, ఇంకేం, పట్టుకుపో అన్నాడు. సింకు కింద మాసిన బట్టల పెట్టె చేశాను. ముందుకి లాగితే అదే జానెడెత్తు పీట. దాని పక్కనే తువ్వాళ్ళకి ఒక అర పెట్టాను, ఆ అర పలకని ఊడదీసి ఎదుటి మూల నేల మీది గాడిలో దింపితే మడమలకి అడ్డం. పాప ఉన్నప్పుడు ఏదీ కదలకూడదని పీట ఒక్కచోటే బిగుసుకునేలా గొళ్ళెం పెట్టాను. గోడకి మేకు కొట్టొద్దని ఓనరు మాట, అందుకని గాడిని సిలికాన్‌తో నేలకి అతికించాను. వీడియో తీసి పంపాను. సాయంత్రానికల్లా టికెట్లు కొనమంది. ఆ రోజు వర్క్‌షాపులో అందరికీ కరక్ చాయ్ నేనే ఇప్పించాను.

వాళ్ళు దిగిన మర్నాడే మొదటి స్నానం. జులై నెల, మిద్దె మీద ట్యాంకు నీళ్ళు సలసల కాగుతుంటాయి కదా, ముందురోజే బకెట్లో పట్టి చల్లార్చి ఉంచాను. మా ఆవిడ పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. పలకకి ఇంకా జానెడు దూరం.

"ఎవరి కాళ్ళు కొలిచారండీ?"

నూనె గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అక్క నవ్వాపుకోలేక తలుపు పట్టుకుంది. అక్క మా ఆవిడ కంటే ఒక చెయ్యి పొడుగు. నా మొహం చూడాలి అప్పుడు. మా ఆవిడ నా కాళ్ళకేసి చూసి లేచింది.

"మీరు కూర్చోండి. నీళ్ళు నేను పోస్తాను."

మా ఇంటావంటా మగాళ్ళెవరూ బిడ్డకి నీళ్ళు పోసిన వాళ్ళు కారు. నాకు రాదంటున్నా వినలేదు. లుంగీ ఎగ్గట్టి కూర్చున్నాను. మడమలు సరిగ్గా పలకకి ఆనాయి. నూనె రాసిన పాపని నా కాళ్ళ మీద పడుకోబెట్టింది. ముందురోజు భుజాన ఎత్తుకున్నా, ఇన్నాళ్ళూ ఫోన్లో చూసిన బిడ్డ బరువు కాళ్ళ మీద పడ్డాకే మొదటిసారి తెలిసింది. భయమేసింది, అంతకంటే సంతోషమేసింది. రెండో మగ్గు పొయ్యకముందే పాప నా లుంగీ తడిపేసింది.

గాడి జరిపి కొలత సరిచెయ్యమని మా ఆవిడ తర్వాత చాలాసార్లు అడిగింది. బ్లేడు పెడితే పది నిమిషాల పని. సిలికాన్ గట్టిగా పట్టేసింది, ఇక రాదని చెప్పాను. పాప కూర్చోవడం నేర్చిందాకా రోజూ పనికెళ్ళే ముందు ఆ పీట మీద నేనే కూర్చున్నాను.