పచ్చడి ప్యాకెట్ మీద ఫోటో

నేను నేయించే చీరలను ఆన్‌లైన్‌లో అమ్మడానికి మా అన్నతో కలిసి లిమిటెడ్ కంపెనీ పెట్టబోతున్న రోజులవి. "నాకెందుకన్నా గీ సంతకాల గోల? నీ పేరు, వదిన పేరు మీదనే పెట్టు," అని కరీంనగర్ బస్సులోంచి అన్నకు ఫోన్‌లో చెప్పాను.

నా మాటలు విన్న పక్కసీటు పెద్దామె సంచిలోంచి మామిడి పచ్చడి ప్యాకెట్ తీసింది. దాని మీది ఫోటోను తన చెంప పక్కన పెట్టి చూపించింది. అది ఆమె ముఖమే.

"పచ్చడి నేనే పెట్టేదాన్ని బిడ్డా. కంపెనీ మా మరిది పేరున రాయించిన్రు. నన్ను ఎల్లగొట్టిండు గానీ ప్యాకెట్ మీద ఫోటో మాత్రం తీసెయ్యలే."

"కేసు వెయ్యలేదా అమ్మా?"

"ఏమని వెయ్యాలె? కాగితాలల్ల నేనెక్కడున్న?"

ఆమె జగిత్యాలలో దిగిపోయాక అన్నకు మళ్లీ ఫోన్ చేశాను.

"అన్నా, నేను గూడ డైరెక్టర్‌గ ఉంట."

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత "సరే చెల్లె, ఆధార్ పంపు," అన్నాడు.

కంపెనీ బాగానే నడుస్తోంది. అన్న మంచివాడే. అయినా ఆ కాసేపటి మౌనం నాకింకా గుర్తుంది.