స్కాలర్‌షిప్ చదువు ఖరీదు

మా రైల్వే కాలనీలో ఎవరి పిల్లకైనా స్కాలర్‌షిప్ వచ్చిందంటే, ఆ తల్లిదండ్రులకిక దమ్మిడీ ఖర్చు లేదని అందరి నమ్మకం. నాకొచ్చింది. రాయపూర్‌లో ఇంజనీరింగ్ సీటు, దాంతోపాటు ప్రభుత్వమిచ్చే స్కాలర్‌షిప్. మా బిలాస్‌పూర్ తెలుగువాళ్లలో ఆడపిల్ల ఇంజనీరింగ్ చదవడం అప్పటికింకా వింతే. నేను చంకలు గుద్దుకుంటూ క్వార్టర్లన్నీ తిరిగి దూద్‌పేడాలు పంచాను. ఎవరడిగినా ఒకటే మాట: "స్కాలర్‌షిప్ మీద సీటొచ్చింది." నిజానికి సీటు వేరు, స్కాలర్‌షిప్ వేరు. సీటు మార్కులకి వచ్చింది. స్కాలర్‌షిప్ మార్కులతోపాటు నాన్న జీతం తక్కువని వచ్చింది. ఆ రెండో సంగతి చెప్పుకోవడం నాకు నామోషీ. అందుకని రెండిటినీ కలిపి ఒకటే మాటగా ఊదేసేదాన్ని. ఇంట్లోనూ అదే చెప్పాను.

నాన్న లోకో షెడ్‌లో ఫిట్టరు. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే రైల్వేలో ఖలాసీ కూలీగా చేరాడు, నాన్న ఇక్కడే పుట్టాడు. ఇంజను కింద గోతిలోకి దిగి, వంగి, పైకి చూస్తూ చేసే పని ఆయనది. ముప్పై ఏళ్ల సర్వీసుకి నడుం పట్టేసింది. అమ్మకి ఉన్నది ఒకటే కోరిక, ఆయన రిటైరయ్యేలోపు ఛార్జ్‌మన్ అవ్వాలని. ఛార్జ్‌మన్ అయితే గోతిలోకి దిగక్కర్లేదు. పైన నిలబడి పని చేయించాలి, కాగితాలు రాయాలి. జీతం సరేసరి.

కాలేజీలో చేరిన వారానికే తెలిసింది, ముందుంది ముసళ్ల పండగని. స్కాలర్‌షిప్ వల్ల ఫీజైతే లేదు. కాషన్ మనీ ఉంది, మెస్ అడ్వాన్సు ఉంది, డ్రాయింగ్ బోర్డు, డ్రాఫ్టరు, వర్క్‌షాపుకి ఖాకీ బట్టలు, బూట్లు. పుస్తకాల సంగతి చెప్పనే అక్కర్లేదు. స్కాలర్‌షిప్ డబ్బు ఫిబ్రవరి దాకా రానేలేదు, వచ్చినది మెస్ బాకీలో సగానికి సరిపోయింది.

"ఫ్రీ అన్నావు గదే! ఏటిది, ఏనుగుని కొని అంకుశానికి ఏడ్సినట్టు?" అంది అమ్మ.

నాన్న పీఎఫ్‌లోంచి అప్పు తీశాడు, ఓవర్‌టైమ్ చేశాడు. నాకు మాత్రం ఒక్క నిమిషం స్థిమితం ఉండేది కాదు. శనివారం ఇంటికొచ్చే బండిలో డబ్బెలా అడగాలా అని మాటలు కూర్చుకోవడం, ఇంటికొచ్చాక అడగలేకపోవడం, ఆదివారం సాయంత్రం బండి కదిలే ముందు కిటికీలోంచి గబగబా అడిగేయడం. నాన్న అప్పటికే జేబులో పెట్టుకుని వచ్చేవాడు. అది చూస్తే నాకు ఇంకా చిరాకు. ఎవరి మీదని అడిగితే చెప్పలేను.

రెండో ఏడాది మొదట్లో స్కాలర్‌షిప్ మళ్లీ రాయించుకోవాలి. దానికి తండ్రి జీతం సర్టిఫికెట్ కావాలి. కిందటిసారి నాన్నే తెచ్చాడు. ఈసారి ఆయన డ్యూటీలో ఉన్నాడు, నాకు ఆగే ఓపిక లేదు, నేనే షెడ్ ఆఫీసుకి పోయాను. అక్కడి పెద్ద గుమస్తా నాన్నకి బాగా తెలిసినవాడు. ఫారం తీసుకుని, కళ్లజోడు పైకి తోసి హిందీలో అన్నాడు: "అచ్ఛా, ఆ కూతురివి నువ్వేనా బేటీ? బాగా చదువు. నీ కోసం మీ నాన్న ప్రమోషన్ వదులుకున్నాడు."

నాకర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. కిందటేడు వేసవిలో, నాకు సీటొచ్చిన కొత్తలోనే, నాన్నకి ప్రమోషన్ ఛార్జ్‌మన్‌గా వచ్చింది. స్కాలర్‌షిప్ ఫారం పట్టుకొచ్చి, జీతం ఎంతలోపు ఉండాలో మూడుసార్లు చదివించుకున్నాడట. కొత్త జీతం ఆ హద్దు దాటుతుంది. మర్నాడు ఇంటి కారణాల వల్ల వద్దని రాసిచ్చేశాడు. నాన్న తర్వాత వరసలో ఉన్నాయనకి ఆ ఉద్యోగం దక్కింది. ఆయన మా నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడే. దసరాకి మా ఇంటికి స్వీట్ డబ్బా కూడా తెచ్చాడు. నేను తిన్నాను కూడా.

"ఇప్పుడు ఒప్పుకుంటే?" అన్నాను.

"ఆ జాబితా అయిపోయింది బేటీ. మళ్లీ మీ నాన్న వంతు వచ్చేసరికి రిటైర్మెంటు వచ్చేస్తుంది."

ఛార్జ్‌మన్ జీతం ఎంతని అడిగాను. చెప్పాడు. ఆఫీసు నుంచి క్వార్టర్ దాకా ఎండలో నడుస్తూ లెక్క వేశాను. తప్పు వేశానేమోనని మళ్లీ వేశాను. పెరిగే జీతంలోంచి నా ఫీజు కట్టి, మెస్ కట్టి, ఇంకా మిగిలేది. స్కాలర్‌షిప్ పోయినా నా చదువుకి వచ్చే నష్టమేమీ లేదు. నాన్న నడుం గోతిలోంచి బయటపడేది. అంత చిన్న లెక్క ఆయనకి తెలియకుండా పోయిందా అని ముందు కోపం వచ్చింది. నన్నొక్క మాట అడగొచ్చు కదా అని ఇంకా కోపం వచ్చింది.

నాన్న వచ్చేదాకా వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ఆయన సైకిల్ దిగి, పెరట్లో గట్టు మీద కూర్చుని కిరసనాయిలు గుడ్డతో చేతుల గ్రీజు తుడుచుకుంటుంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"ప్రమోషన్ ఎందుకొద్దన్నావు నాన్నా? సచ్ చెప్పు."

ఆయన ముందు వంటింటి వైపు చూశాడు. "నెమ్మదే. మీ అమ్మకి తెల్దు."

"ఎందుకొద్దన్నావు?"

"జీతం పెరిగితే స్కాలర్‌షిప్పు పోద్దని ఆ కాయితంలోనే ఉంది గదే. సదివించుకున్నాను."

"పోతే పోయేది!"

"పోతే సీటో?" ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. "స్కాలర్‌షిప్పు మీద సీటొచ్చిందని నువ్వే గదా సెప్పావు. పాసు లేనోణ్ని టీటీ బండిలో ఉంచుతాడేటి? మజ్జలో దింపీస్తాడు. నిన్నూ అలాగ మజ్జలో దింపీస్తే ఏటి సేస్తావు? ఆడగుంటవి, అంత కష్టపడి తెచ్చుకున్నావు."

నోటిదాకా వచ్చింది. అలా కాదు నాన్నా, సీటెక్కడికీ పోదు, అది నాదే, నువ్వు ఊరికే వదులుకున్నావు అని. రానివ్వలేదు. నన్నెందుకు అడగలేదని ఇంకేం నిలదీస్తాను? అడగాల్సిన పని లేకుండా నేనే చెప్పి పెట్టాను కదా. నా నోటి దురదని ఆయన అక్షరాలా నమ్మాడు.

నేను ముఖం పక్కకి తిప్పుకునేసరికి ఆయనకేదో అనుమానం వచ్చినట్టుంది. నా ముఖంలోకి చూసి, ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగాడు.

"ఒద్దని రాసివ్వకపోతే నీ సీటు తీసీసేవోరే గదా?"

"తీసేసేవారు నాన్నా," అన్నాను.

"మరి!" అన్నాడు. ముఖం విప్పారింది. "నాకు తెల్సు."

ఆయన బాధపడకూడదని అలా చెప్పానో, నా గొప్పల వల్లే ఇదంతా జరిగిందని ఆయనకి తెలియకూడదని చెప్పానో, ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. రెండోదే ఎక్కువని కొన్ని రోజులు గట్టిగా అనిపిస్తుంది.

అమ్మ టీ గ్లాసుతో బయటికొచ్చింది. "తండ్రీ కూతుళ్లు ఏటి గుసగుసలాడతన్నారు?"

"ఏటీ లేదు. దీని సీటుకి ఇంక డోకా లేదంతే," అని నాన్న టీ అందుకున్నాడు. అందుకోవడానికి నడుం మీద చెయ్యి వేసుకుని లేచాడు.

నేను లోపలికి పోయి ఫారం నింపాను. తండ్రి ఉద్యోగం దగ్గర ఫిట్టర్ అని రాశాను. జీతం దగ్గర గుమస్తా ఇచ్చిన అంకె వేశాను. హద్దుకి బాగా లోపలే ఉంది. ఆ ఏడాది కూడా స్కాలర్‌షిప్ వచ్చింది.